సాంబార్ ఇల్లా సార్

మా మరిది హైదరాబాద్ నుంచి బెంగళూరు వస్తే చేతిలో లిస్టుతో దిగుతాడు. వచ్చేది ఆఫీసు పని మీదే. ఆ పనేమిటో నాకు తెలియదు గానీ, రైలెక్కే ముందే హోటళ్ళ లిస్టు మాత్రం నా వాట్సప్‌కి వచ్చేస్తుంది. మూడు రోజులకి ఏడు హోటళ్ళు. అన్నీ రీల్స్ చూసి రాసుకున్నవే. పోయిన నెల లిస్టులో మొదటి పేరు శంకరపురంలోని బ్రాహ్మిన్స్ కాఫీ బార్.

పొద్దున్న ఏడున్నరకి వెళ్ళాం. బెంగళూరులో ఉన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు, అక్కడ కూర్చుని తినే ఏర్పాటు ఉండదు. డబ్బు కట్టి, ప్లేటు అందుకుని, ఫుట్‌పాత్ మీదకొచ్చి ఎక్కడ చోటు దొరికితే అక్కడ నిలబడి తినాలి. ఇడ్లీ, వడ, ఖారాబాత్, కేసరిబాత్, తాగడానికి కాఫీ, టీ. దాదాపు అంతే. ఇడ్లీ తీసుకున్నాక ఒకాయన చట్నీ పోస్తాడు. పోస్తాడంటే గరిటెతో పక్కన పెట్టడం అనుకునేరు. ఇడ్లీ మునిగేలా పోస్తాడు. పల్చగా, తెల్లటి దాంట్లో లేత ఆకుపచ్చ కలిసినట్టుండే చట్నీ. మళ్ళీ వెళ్తే మళ్ళీ పోస్తాడు, ఎన్నిసార్లని లెక్క చూడడు.

మా మరిది ప్లేటు ముందుకు చాపి సాంబార్ అడిగాడు.

"సాంబార్ ఇల్లా సార్," అన్నాడాయన కన్నడంలో, తలెత్తకుండానే. ఇల్లా అంటే లేదు. గరిటె అప్పటికే పక్కవాడి ప్లేటు మీదికి వెళ్ళిపోయింది.

అయిపోయిందనుకున్నాడు మావాడు. ఎప్పుడొస్తుందని అడిగాడు. ఇక్కడ సాంబార్ అయిపోవడం ఉండదని, అసలు చెయ్యరని, ఊళ్ళో అందరికీ తెలిసిన సంగతే అదని నేను చెప్పాను. తిన్నాడు. రెండోసారి చట్నీ కూడా పోయించుకున్నాడు. కారు దగ్గరికి నడుస్తున్నప్పుడు మాత్రం అడగకుండా ఉండలేకపోయాడు. "ఇడ్లీకి సాంబార్ కూడా పెట్టనోణ్ణి పట్టుకుని ఇంత గొప్పోడంటారేంటి వదినా?"

అప్పటికి నవ్వేసి ఊరుకున్నాను. కానీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. ఇప్పుడు నా జవాబు ఇది. పెట్టనన్నాడు గనకే గొప్పోడంటున్నాం. పేరున్న హోటల్లో ఏముంటుందో అందరూ చెబుతారు. అక్కడ ఏం ఉండదో అడిగి తెలుసుకుంటే ఆ హోటల్ సంగతి ఇంకా బాగా అర్థమవుతుందని నాకనిపిస్తోంది. ఇంట్లో ఈ మాట అన్నప్పటి నుంచీ మా ఆయన నాతో వాదిస్తూనే ఉన్నారు. ఈ రాతలో సగం ఆయన వాదనలకి జవాబు. మిగతా సగానికి నా దగ్గర జవాబు లేదు.

బియ్యం నిండుకున్నాయి

ముందు మన సంగతి చూసుకుందాం. మా అమ్మ నోట "బియ్యం అయిపోయాయి" అన్న మాట నేనెప్పుడూ వినలేదు. "బియ్యం నిండుకున్నాయి" అనేది. డబ్బా అడుగున చేటెడు నూకలు కూడా లేకపోయినా నిండుకోవడమే. దీపం ఆరిపోదు, కొండెక్కుతుంది. చుట్టాలింటి నుంచి వెళ్ళిపోతూ వెళ్తున్నామనం, వెళ్ళొస్తాం అంటాం. లేదు అనే మాటని గుమ్మం దాటి లోపలికి రానివ్వని భాష మనది. ఈ భాషలో పుట్టి పెరిగినవాడు హోటల్ పెడితే వచ్చినవాడి మొహం మీద లేదు అనగలడా?

అనలేడు. అందుకే వడ్డించడంలో మనవాళ్ళకి సాటి లేదు. కాకినాడ సుబ్బయ్య హోటల్లో ఆకు ముందు కూర్చున్నవాళ్ళని అడగండి, అక్కడ "చాలు" అన్న మాటని ఎవరూ పట్టించుకోరు. బెంగళూరులో రెసిడెన్సీ రోడ్డు మీద నాగార్జున 1984 నుంచీ ఉంది. అక్కడ అరిటాకు వేసి పప్పు, పొడి, నెయ్యి వడ్డిస్తుంటే కన్నడిగులు, తమిళులు, ఉత్తరాది కుర్రాళ్ళు చెమటలు తుడుచుకుంటూ తింటారు. ఈ ఊళ్ళో "ఆంధ్రా మీల్స్" అంటే అదొక ఊరి పేరంత స్థిరపడిపోయిన మాట. కొత్తగా ఉద్యోగంలో చేరినవాణ్ణి టీమ్ మొత్తం కలిసి మొదట తీసుకెళ్ళేది అలాంటి చోటికే. నీళ్ళ గ్లాసు ఎన్నిసార్లు ఎత్తుతాడో చూసి నవ్వుకోవడం ఆ మధ్యాహ్నం కార్యక్రమం.

కానీ ఒక విషయం గమనించండి. ఆ మీల్స్ హోటల్లో ఎంత కావాలన్నా పెడతారు, ఏది కావాలంటే అది మాత్రం పెట్టరు. ఇవాళ దొండకాయ వేపుడైతే దొండకాయే. బెండకాయ లేదా అని అడిగితే సర్వర్ వింతగా చూస్తాడు. అంటే లేదు అనడం మనవాళ్ళకి చేతకాక కాదు. ఆ మాట నోటితో అనకుండా, పొద్దున్నే వంటగదిలో అనేసి, బయటికొచ్చి పళ్ళెం నిండా వడ్డించేవాళ్ళు.

నా చిన్నప్పుడు ఒంగోల్లో మేం వెళ్ళే టిఫిన్ హోటల్లో మెనూ కార్డుండేది కాదు. సర్వర్ తడిగుడ్డతో బల్ల తుడుస్తూ చెప్పేవాడు: ఇడ్లీ వడ పూరీ ఉప్మా పెసరట్టు మినపట్టు రవ్వట్టు. గుక్క తిప్పుకోకుండా. ఆ హోటల్ మెనూ అంటే అదే, ఒక గుక్కలో పట్టినన్ని వంటకాలు. పదింటికి వెళ్తే ఆ గుక్కలోంచి పూరీ జారిపోయేది, పదిన్నరకి ఉప్మా కూడా. దాన్ని లోటని ఎవరూ అనుకోలేదు. ముందు రావాల్సింది, అంతే.

మూడు గిన్నెలు

ఆ గుక్క ఎప్పుడు పుస్తకమైంది? ఇప్పుడు హైదరాబాద్‌లో ఓ మాదిరి హోటల్‌కి వెళ్ళినా అట్ట వేసిన మెనూ చేతికిస్తారు. సౌతిండియన్, నార్తిండియన్, చైనీస్, తందూరీ, మండీ, మధ్యలో ఒక పేజీ "మన పల్లె రుచులు". చివర మిల్క్‌షేకులు. ఇన్ని ఎలా చేస్తారని నాకు అనుమానంగా ఉండేది.

అది తీర్చినవాడు మా పిన్ని కొడుకు. ఒక పెద్ద మల్టీ క్యుజిన్ హోటల్ వంటగదిలో రెండేళ్ళు పనిచేశాడు. పేరెందుకు గానీ, మీలో చాలామంది అక్కడ పుట్టినరోజులు చేసుకునే ఉంటారు. ఒకసారి మధ్యాహ్నం మూడున్నరకి, రద్దీ తగ్గాక, లోపలికి తీసుకెళ్ళి చూపించాడు. స్టవ్ పక్కన మూడు పెద్ద స్టీలు గిన్నెలు. ఒకదాంట్లో తెల్లటిది, ఉల్లిపాయ, జీడిపప్పు ఉడికించి మెత్తగా రుబ్బిన ముద్ద. రెండోది ఎర్రటిది, టమాటా. మూడోది గోధుమరంగుది, ఉల్లిపాయలు బాగా వేయించి మసాలా కలిపింది. "మెనూ అంతా ఇదే అక్కా," అన్నాడు.

నమ్మకపోతే చేసి చూపించాడు. ఎర్రది రెండు గరిటెలు, తెల్లది ఒకటి, వెన్న, చివర్లో కసూరీ మేతి నలిపి వేస్తే బటర్ మసాలా. గోధుమరంగుదాంట్లో క్యాప్సికం, ఉల్లిపాయ పెద్ద ముక్కలు వేసి మంట పెంచితే కడాయి. ఒట్టి తెల్లదానికి కాస్త క్రీమ్, పైన నాలుగు జీడిపప్పులు తగిలిస్తే షాహీ. అందులో పనీర్ పడితే ఒక పేరు, కోడి పడితే ఇంకో పేరు, పుట్టగొడుగులు పడితే మరొకటి. మూడు గిన్నెల్లోంచి రెండు పేజీల పేర్లు.

ఇది మోసం అంటే మా తమ్ముడు ఒప్పుకోడు. అవి రోజూ పొద్దున్న తాజాగానే చేస్తారు, శుభ్రంగానే ఉంటాయి. "ఆర్డరిచ్చిన పావుగంటకి టేబుల్ మీదికి రావాలంటారు. ఇంకెలా వస్తుందనుకున్నావ్?" అని నన్నే ఎదురడిగాడు. అతను చెప్పింది నిజం. ఆ వంటగదిలో పనిచేసేవాళ్ళు తెలివైనవాళ్ళు, కష్టపడేవాళ్ళు. వాళ్ళకి లేనిదల్లా ఇది మా దగ్గర దొరకదని చెప్పే అధికారం. ఆ అధికారం లేనప్పుడు ఎవరి వంటైనా మూడు గిన్నెల దగ్గరికే చేరుతుంది.

అదే శంకరపురంలో చూడండి. ఆయన చేసే చట్నీ ఒకటే. పొద్దున్నించి మధ్యాహ్నం దాకా అదే కొబ్బరి, అదే మిరపకాయ. కొబ్బరి ఆ రోజు కాస్త ముదిరితే పక్కన సాంబార్ పోసి కప్పిపుచ్చుకునే వీల్లేదు. తేడా వస్తే వంద మంది ఒకేసారి పట్టేస్తారు. దాచుకునే చోటు లేకపోవడమే ఆ హోటల్ పెట్టుకున్న కాపలా.

హండీ ఖాళీ అయ్యాక

హైదరాబాద్ వాళ్ళకి కోపం వస్తుందేమో, మీ దగ్గరికే వస్తున్నాను. బిర్యానీ గురించి నేను కొత్తగా చెప్పేదేముంది? కానీ అది సహజంగానే లేదు అనే వంటకం అని మాత్రం గుర్తుచేస్తాను. కచ్చీ బిర్యానీలో పచ్చి మాంసాన్నే పెరుగు, మసాలాల్లో నానబెట్టి అడుగున పరుస్తారు. దానిమీద సగం పైగా ఉడికిన బియ్యం, మూత చుట్టూ గోధుమపిండి ముద్ద, కింద సన్నటి మంట, పైన నిప్పులు. ఒకసారి మూత పెట్టాక వండేవాడి చేతిలో ఏమీ లేదు. ఉప్పు చూడ్డానికి కూడా తెరవలేడు. తెరిచిన హండీ పూర్తయితే ఆ హండీ కథ అయిపోయినట్టే. నీకోసం ఇంకో ప్లేటు చెయ్యమంటే అది ఇంకో హండీ, ఇంకో కొన్ని గంటలు.

అందుకే హండీ దగ్గర నిలబడేవాడి పని చూడ్డం నాకు చాలా ఇష్టం. చిన్న సాసర్ ఒకటి చేత్తో పట్టుకుని, పైనుంచి కెలక్కుండా, ఒక వారగా నిలువునా దింపి తీస్తాడు. తెల్ల అన్నం, పసుపు అన్నం, అడుగు మసాలా, ముక్క, అన్నీ ఒకే కోతలో ప్లేటులోకి రావాలి. ఆ కోత తప్పితే మొదట తిన్నవాడికి ఒట్టి తెల్లన్నం, చివరివాడికి మసాలా ముద్ద. వండేవాడి నైపుణ్యం ఎంతో ఆ సాసర్ పట్టినవాడి నైపుణ్యమూ అంతే. ఆయన గురించి ఒక్క రీల్ కూడా చూడలేదు నేను.

ఇప్పుడు అదే హోటల్ మెనూలో బిర్యానీ పేజీ తీయండి. స్పెషల్, బోన్‌లెస్, సిక్స్టీఫైవ్ బిర్యానీ, పనీర్ బిర్యానీ, రొయ్యల బిర్యానీ. బోన్‌లెస్ ముక్కలు దమ్‌లో అంతసేపు నిలబడవు, అందుకని చాలాచోట్ల హండీలోంచి తీసిన అన్నం మీద విడిగా వేయించిన ముక్కలు గ్రేవీతో కలిపి పోస్తారు. తినడానికి బాగానే ఉంటుంది. నేనూ తిన్నాను, బాగానే తిన్నాను. అది బిర్యానీ అన్నం మీద కూర. హండీ ఖాళీ అయితే లేదనాల్సిన చోట, హండీతో పని లేని దారి ఒకటి కనిపెట్టి, దానికీ అదే పేరు పెట్టుకున్నాం.

హలీమ్‌ది ఇంకో రకం. 2010లో హైదరాబాదీ హలీమ్‌కి భౌగోళిక గుర్తింపు వచ్చింది. అప్పటికి అది రంజాన్ నెల వంటకం. సాయంత్రం ఇఫ్తార్ వేళ భట్టీ చుట్టూ మూగిన జనం, లోపల కర్రలతో గోధుమల్నీ మాంసాన్నీ కలిపి దంచే మనుషులు. మిగతా పదకొండు నెలలు లేదు. ఇప్పుడు కొన్నిచోట్ల ఏడాది పొడుగునా దొరుకుతోంది. మా మరిది జూలైలో తిని, "అంత బాలేదు వదినా, క్వాలిటీ తగ్గింది" అన్నాడు. తగ్గిందో లేదో నాకు తెలియదు. పదకొండు నెలల ఎదురుచూపు మాత్రం అందులో పడలేదు, అది తెలుసు.

మూసేసినవాళ్ళు

బెంగళూరులో లేదు అన్న హోటళ్ళ కథల్లో నాకు బాగా నచ్చేది ఎంటీఆర్‌ది, అంటే మావళ్ళి టిఫిన్ రూమ్స్‌ది. 1924లో ఉడుపి వైపు నుంచి వచ్చిన మయ్య సోదరులు పెట్టారు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో బియ్యానికి కరువొస్తే రవ్వతో ఇడ్లీ చేసి చూశారని, రవ్వ ఇడ్లీ అలా పుట్టిందని ఆ హోటల్ చెప్పుకుంటుంది. ఇవాళ రవ్వ ఇడ్లీ తినేవాళ్ళెవరూ దాన్ని కరువు తిండి అనుకోరు. బియ్యం నిండుకున్న రోజున పుట్టిన వంటకం అది.

తర్వాత ఎమర్జెన్సీ వచ్చింది. హోటళ్ళలో టిఫిన్ల ధరలు బాగా తగ్గించి అమ్మాలని ప్రభుత్వం పట్టుపట్టింది. ఆ ధరకి ఆ నెయ్యి, ఆ జీడిపప్పు కుదరవు. మామూలుగా హోటలాయన చేసే పని మనందరికీ తెలుసు. నెయ్యి బదులు డాల్డా, జీడిపప్పు బదులు పల్లీ, పేరు మాత్రం పాతదే. ఎంటీఆర్ వాళ్ళు హోటల్ నడపడం ఆపేశారు. పనివాళ్ళకి పని ఉండాలి గనక పొడులు, మిక్స్‌లు పొట్లాలు కట్టి అమ్మడం మొదలుపెట్టారు. ఇవాళ అమెరికాలో ఉన్న మన పిల్లలు సూట్‌కేసుల్లో పెట్టుకెళ్ళే గులాబ్ జామూన్ పాకెట్టుకి వెనక ఉన్న కథ అది. ఆ పాకెట్ల కంపెనీని 2007లో ఆర్క్లా అనే నార్వే కంపెనీ కొనుక్కుంది. హోటల్ మాత్రం మళ్ళీ తెరిచాక మయ్యల కుటుంబం దగ్గరే ఉంది.

ఈ కథ చెప్పినప్పుడు మా ఆయన ఒక మాటన్నారు. "అది ఆదర్శం కాదు, లెక్క. నష్టానికి నడపలేక మూశారు." కావచ్చు. కానీ అదే లెక్క వేసుకున్న మిగతావాళ్ళు నెయ్యి తగ్గించుకుని నడిపారు. వీళ్ళ లెక్కలో నెయ్యి తగ్గించడం అనే గడి లేదు. నేను గౌరవించేది ఆ లేని గడిని.

గాంధీబజార్‌లో విద్యార్థి భవన్ 1943 నాటిది. శుక్రవారం సెలవు. వారాంతం మొదలయ్యే ముందు రోజు, ఊరంతా బయట తిందామనుకునే రోజు తలుపులు మూసి ఉంటాయి. మిగతా రోజుల్లో పంచెకట్టు సర్వర్ భుజం దాకా దోసె ప్లేట్లు పేర్చుకుని నడిచొస్తుంటే, అవి పడతాయేమోనని కొత్తవాళ్ళు కుర్చీలో వెనక్కి జరుగుతారు. పడవు. ఆయన మన మొహం చూడడు, ప్లేటు దించి వెళ్ళిపోతాడు. ఆ దోసె ఎర్రగా, అంచున కరకరలాడుతూ, మధ్యలో మందంగా, మన ఇంటి దోసెకి ఏ చుట్టరికమూ లేనట్టుంటుంది.

ఎవరికి లేదు?

ఇంతవరకూ బాగానే ఉంది. ఇక్కణ్ణించి నాకు కష్టం.

మొదటిది శంకరపురం హోటల్ పేరులోని "బ్రాహ్మిన్స్" అన్న మాటే. ఎంటీఆర్ కూడా మొదట్లో బ్రాహ్మిన్ కాఫీ క్లబ్బే. మన కోస్తా ఊళ్ళలోనూ "బ్రాహ్మణ కాఫీ హోటల్" అని బోర్డులుండేవి, పెద్దవాళ్ళని అడిగితే చెబుతారు. ఆ బోర్డుకి వంట ఎవరు చేస్తారనేది ఒక అర్థమైతే, లోపల ఎవరు ఎక్కడ కూర్చోవాలనేది చాలాచోట్ల రెండో అర్థం. 1957లో మద్రాసు ట్రిప్లికేన్‌లో మురళీ కేఫ్ బోర్డు మీద "బ్రాహ్మణాళ్" అన్న మాట తీసెయ్యాలని పెరియార్ ఉద్యమం నడిపింది ఊరికే కాదు. హోటళ్ళు లేదు అనడాన్ని నేను పొగుడుతున్నాను గదా, ఆ మాట మన దేశంలో ఎక్కువ కాలం వంటకాల గురించి అన్నది కాదు, మనుషుల గురించి అన్నది. ఈ సంగతి పక్కన పెట్టి చట్నీ గురించి ఎంతసేపు మురిసినా అది అరకొర మురిపెమే.

దీనికి నాకు దొరికిన ఆసరా మళ్ళీ హైదరాబాదే. ఇరానీ కేఫులు. నాలుగురోడ్ల మూల వాస్తుకి మంచిది కాదని మనవాళ్ళు వదిలేస్తే ఇరానీలకి ఆ మూలలు చవగ్గా దొరికాయని ఒక కథ చెబుతారు. నిజమో కాదో గానీ ఆ మూల మీది పాలరాతి బల్ల దగ్గర ఎవరు ఎవరి పక్కనైనా కూర్చోవచ్చు. ఒక చాయ్ చెప్పి ఇద్దరు పంచుకోవచ్చు. గంటలు గడపొచ్చు. వంటకాల సంగతికొస్తే అక్కడా పొదుపే. చార్మినార్ పక్కన నిమ్రా దగ్గర ఇప్పటికీ జనం నిలబడేది చాయ్ కోసం, ఉస్మానియా బిస్కెట్ కోసం. మనిషికి లేదనలేదు, మెనూకి లేదన్నారు. నేను అడుగుతున్నది ఈ రెండోది.

అంత తేలిగ్గా గట్టెక్కాననుకుంటే మా అమ్మ వచ్చింది. పోయిన దసరాకి ఆవిడ బెంగళూరు వస్తే, నా ఉత్సాహం కొద్దీ ఊళ్ళో పేరున్న ఒక టిఫిన్ హోటల్‌కి తీసుకెళ్ళాను. నిలబడి తినే చోటు. 1983లో జయనగర్‌లో కేఫ్ దర్శిని పెట్టినప్పటి నుంచీ ఈ ఊరికి ఆ పద్ధతి అలవాటు. కూర్చునే చోటు తగ్గితే అద్దె తగ్గుతుంది, ధర తగ్గుతుంది, అందరికీ అందుతుంది. ఇవన్నీ నేను అమ్మకి చెప్పాను. ఆవిడకి డెబ్బై రెండేళ్ళు, రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి. ఎత్తు బల్ల ఆవిడ గడ్డం దాకా వచ్చింది. ఒక చేత్తో బల్ల అంచు పట్టుకుని, ఇంకో చేత్తో వడ విరుచుకోబోతే ప్లేటు జరిగిపోయింది. కుర్చీ ఉందా అని అడిగాను. లేదన్నారు. కౌంటర్ వెనక ఒకటి కనబడుతూనే ఉంది. చివరికి మా స్కూటర్ సెంటర్ స్టాండ్ వేసి సీటు మీద కూర్చోబెడితే తింది. "రుచి బానే ఉందే," అంది, "మనుషులే కాస్త గట్టివాళ్ళు."

వంటకానికి లేదు, మనిషికి ఉంది అని ఇందాక నేను గీసిన గీత ఆ బల్ల ఎత్తుకి సరిపోలేదు. సాంబార్ లేదనడం వంటకం గురించే. కుర్చీ లేదనడం ఎవరి గురించి?

మా ఆయన వాదన ఇంకోవైపు నుంచి వస్తుంది. లేదనడం సొంత బిల్డింగ్ ఉన్నవాడికి చెల్లుతుంది అంటారు. తాతల నాటి స్థలం, పాత అద్దె, మూడు తరాల గిరాకీ ఉంటే ఎవరైనా నాలుగు ఐటమ్‌లతో నడుపుతారు. నిన్న కూకట్‌పల్లిలో అప్పు చేసి పెట్టినవాడు, నెల తిరిగేసరికి అద్దె, డెలివరీ యాప్‌ల కమిషన్ కట్టుకోవాల్సినవాడు, ఆరుగురి కుటుంబం వచ్చి పిల్లాడికి నూడుల్స్ లేవా అంటే లేవని ఎలా అంటాడు? ఆ పిల్లాడికి నచ్చకపోతే ఆరుగురూ లేచిపోతారు. దీనికి నేనేమీ అనలేకపోయాను. ఒంగోలు సర్వర్ గుక్క అంత పొట్టిగా ఉండడానికి పక్కన పోటీ లేకపోవడం కూడా కారణమేనని ఒప్పుకోవాల్సి వచ్చింది.

ఇంకొకటి, ఇప్పుడు లేదు అనడం కూడా ఫ్యాషనైంది. కోరమంగల వైపు ఒక కొత్త హోటల్లో బోర్డు చూశాను, "రోజుకి నలభై ప్లేట్లు మాత్రమే" అని. ఏడుగంటలకి నలభై అయిపోయాయని చెరిపి సున్నా రాశారు. మేం తిరిగి వెళ్ళబోతుంటే సర్వర్ కుర్రాడు గుమ్మం దాకా వచ్చి, మెల్లగా, "కావాలంటే చేయిస్తాం మేడం" అన్నాడు. ఏ ఊరు బాబూ అంటే అనంతపురం అన్నాడు. మొహమాటపడ్డాడు పాపం. బోర్డు మీద అబద్ధం రాయడం ఓనర్‌కి వచ్చినంత తేలిగ్గా, గుమ్మంలోంచి మనిషిని ఉత్తి కడుపుతో పంపడం ఆ పిల్లాడికి రాలేదు. నిండుకున్నాయి అనే ఇంట్లో పెరిగినవాడే అయ్యుంటాడు. నా సిద్ధాంతం ప్రకారం ఆ క్షణంలో నేను కోప్పడాలి. లోపలికెళ్ళి తిన్నాం.

లిస్టులో మిగిలినవి

మా మరిది ఆ మూడు రోజుల్లో ఏడింట్లో ఐదు పూర్తిచేశాడు. విద్యార్థి భవన్‌కి శుక్రవారం బయల్దేరాడు, నేను చెబుతున్నా వినకుండా. మూసిన తలుపు ముందు సెల్ఫీ పంపించాడు. ఎంటీఆర్‌లో పేరు రాయించి కూర్చుని, పక్కన కూర్చున్న పెద్దాయనతో మాటల్లో పడి, వెండి గ్లాసులో కాఫీ తాగి, ఇంటికొచ్చి ఆ గ్లాసు గురించే చెప్పాడు. దోసె ఎలా ఉందంటే, "దోసె దోసెలానే ఉంది" అన్నాడు.

మొన్న శనివారం మధ్యాహ్నం మూడున్నరకి ఫోన్ చేశాడు, పాతబస్తీలోంచి. వెనకాల ఆటోల హారన్లు.

"వదినా, బిర్యానీకొచ్చాం. మటన్ అయిపోయిందంట. మళ్ళీ హండీ సాయంత్రానికే అంట."

"మరి?"

"మీరన్నారు గదా, అయిపోయిందన్నోడి దగ్గరే తినాలని. అడ్రస్ రాసుకున్నా, వచ్చేవారం పన్నెండింటికే వస్తా."

నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను. సరే ఇప్పుడేం తింటున్నావని అడిగాను.

"పక్క సందులో ఫ్రైడ్ రైస్ చెప్పాం. వస్తోంది."